మొన లేని కత్తి

మే నెల. లూసియానా దక్షిణపు అంచున
పాయింట్ సెలెస్ట్ రేవులో
ఎరలూ ఐసూ అమ్మే కొట్టు.
తలుపు తీస్తే రొయ్యల నీచు, డీజిలు,
గాజు పెట్టెలో వరసగా కత్తులు.
ఖియెమ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"నీ మడతకత్తి ఏమైంది, ఆఫీసర్ ఒడీల్?" అన్నాడు.

చెప్పాను.
సగం చెప్పాను.

మార్చిలో, వంతెన కింద,
నడుంలోతు ఉప్పునీళ్ళలో తలకిందులైన పికప్పు.
కిటికీలోంచి చెయ్యి దూర్చి
మడత విప్పబోతే రాలేదు.
కీలులో ఇసక. ఇసక కింద తుప్పు.
నా బొటనవేలి గోరు ఊడింది గానీ
కత్తి నోరు తెరవలేదు.
బెల్టు కోసింది పీతలు పట్టే లిరెట్,
అవతలి ఒడ్డునుంచి ఈదుకొచ్చి,
వాడి నడుముకి ఎప్పుడూ వేలాడే
మడతలేని కత్తితో.
ఆ కుర్రాడు బతికాడు. నా పుణ్యం కాదు.

ఖియెమ్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.
కార్బన్ ఉక్కు.
వెంట్రుకను నిలువునా చీలుస్తుంది,
ఒక్క రాత్రి పడవలో మరిచిపోతే
తెల్లారేసరికి బెల్లం రంగు.
ఇంకొకటి తుప్పు పట్టదు, కానీ
రెండు రెడ్‌ఫిష్‌లు ఒలిచేసరికి మొద్దు.
మూడోది కొత్తరకం, నత్రజని కలిపిన ఉక్కు.
నెల్లాళ్ళు సముద్రంలో ముంచినా
మచ్చ కూడా పడదన్నాడు,
ధర చీటీని మాత్రం వేలితో మూశాడు.

తోలు ఒర చూసి ముచ్చటపడ్డాను.
"వద్దు. తోలు ఉప్పుని దాచుకుంటుంది,
మా వదిన మాటలు దాచుకున్నట్టు.
అడుగున చిల్లున్న ప్లాస్టిక్ ఒర తీసుకో,
నీళ్ళు కారిపోవాలి."

"మొన ఉన్నదా? లేనిదా?"

చేపకి మొన కావాలి,
పొట్ట కింద గుచ్చి, మొప్పల దాకా జారడానికి.
బెల్టుకి మొన వద్దు.
చీకట్లో, బురదలో,
గింజుకుంటున్న మనిషి మెడ పక్కన
మొన ఉండకూడదు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు,
ఒక కత్తిలో రెండు పనులు ఇముడుతాయా?

"డ్యూటీలో అసలేం కోస్తావు?"

పన్నెండేళ్ళు లెక్కేసుకున్నాను.
బెల్టులే ఎక్కువ.
కంచెలో ఇరుక్కున్న కుక్క మెడపట్టీ.
కాలు విరిగిన ముసలాయన బూటు లేసు.
ఒకసారి స్టేషన్లో, ఎవరిదో పుట్టినరోజు కేకు.
"ఒక తాడు," అన్నాను.
జనవరిలో. ఒక గ్యారేజీ దూలానికి.
అతను ఇంకేం అడగలేదు.
వెనక మిషన్లో ఐసుముక్కలు దబదబా పడ్డాయి.

మిగతా సగం ఇదీ.
ఆ ఆదివారం మా అక్క కొడుకు థియోతో
చేపలకి వెళ్ళాను.
రొయ్యని ఎరకి కోద్దామని కత్తి విప్పి
అలాగే పట్టుకుని కూర్చున్నాను.
"ఏమైంది పిన్నీ?" అన్నాడు వాడు.
ఉప్పు చేతులతోనే కత్తి మూసేసి
ఎరని పళ్ళతో కొరికి తుంచాను.
వాడు పడీపడీ నవ్వాడు.
సోమవారం దాన్ని మళ్ళీ బెల్టుకి తగిలించాను,
కడగలేదు. తెరవలేదు.
రెండు నెలలు.
ఉప్పు తిన్న ఇనుము నీళ్ళు తాగాలి.
నేను తాగించలేదు.

"రెండు కొనుక్కో," అన్నాడు ఖియెమ్.
"బేరం కోసం అంటున్నావు."
"అవును, బేరం కోసమే," అన్నాడు
కళ్ళద్దాలు కిందికి దించుకుంటూ.
ఒక్క డాలరు తగ్గించలేదు.

మొన లేనిదానికి నారింజరంగు పిడి,
నీళ్ళలో జారినా కనబడుతుంది.
మొన ఉన్నది సన్నగా, వంచితే వంగుతుంది,
దాని పేరు థియో పెడతాడట.

రాత్రి రెండింటినీ వంటింటి కుళాయి కింద
మంచినీళ్ళతో కడిగాను, ఇంకా వాడకుండానే.
గుడ్డతో తుడిచి, నూనె రాసి,
ఒకటి తలుపు పక్కన కొక్కేనికి,
ఒకటి గాలాల పెట్టెలో.

మడతకత్తి సొరుగులో ఉంది.
మూసే ఉంది.